పట్టు పట్టే అమ్మాయికి చప్పట్లేవీ?

కబడ్డీ సీజన్ మొదలైందంటే చాలు, రాత్రి ఎనిమిది దాటాక ఉస్మానియా హాస్టళ్ళలో పుస్తకాలు పక్కకి జరుగుతాయి. వెనకటికి కామన్ రూములో టీవీ ముందు కుర్చీ కోసం కొట్లాడుకునేవారు. ఇప్పుడు ఒక్క సెల్‌ఫోన్ చుట్టూ అరడజను తలలు! మర్నాడు తార్నాక చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డా, మెట్రో మెట్లెక్కుతున్నా అదే చర్చ. 'ఆ కొత్త కుర్రాడు కార్నర్‌లో నిలబడి మడమ ఎలా దొరకబుచ్చుకున్నాడో చూశావా? రెండేళ్ళు ఆగు, వీడు ఎక్కడికో వెళ్తాడు' అంటూ జాతకాలు చెప్పేస్తుంటారు. ఈ జాతకాలు చెప్పడంలో అమ్మాయిలూ ఏం తక్కువ తినలేదు.

కూతకెళ్ళే ఆటగాడికి పేరు రావడం మామూలే. అందరి కళ్ళూ అతని మీదే ఉంటాయి. 'ఒక్కడు' సినిమా చూసినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కానీ గీత దగ్గర కాచుకుని, అదను చూసి, వచ్చినవాణ్ణి కదలకుండా పట్టేసే డిఫెండర్‌కి ఇంత మంది అభిమానులుండడం ఈ పదేళ్ళలో వచ్చిన మార్పు. మంచి మార్పే. కష్టపడి కాపలా కాసేవాడి విలువ జనానికి తెలిసిందన్నమాట.

మరి అదే క్యాంపస్ జట్టులోనూ, ఆ పక్కనే ఉన్న రైల్వే మైదానాల్లోనూ మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని సాధన చేసే అమ్మాయిలున్నారు. వాళ్ళూ మడమలు పడతారు, తొడలు పడతారు, చేయీ చేయీ కలిపి గొలుసు కడతారు. వాళ్ళలో ఒక్క పేరు చెప్పమని ఈ అభిమానుల్ని అడిగి చూడండి. తల గోక్కుంటారు. ఎందుకిలా?

డెట్రాయిట్‌లో ఓ కొత్త కుర్రాడు

ఈ మోజు మన ఒక్క ఊరిదే కాదు. అమెరికాలో అబ్బాయో అమ్మాయో ఉన్న తల్లులకి అక్కడి ఫుట్‌బాల్ సంగతి కొంత తెలిసే ఉంటుంది. పేరు ఫుట్‌బాలే గానీ కాలితో ఆడేది తక్కువ. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని పట్టుకుని ముందుకు దూసుకుపోవాలి, లేదా ముందున్నవాడికి విసరాలి. అవతలి జట్టు డిఫెండర్లు ఆ బంతి పట్టుకున్నవాణ్ణి కింద పడేయాలి. చూడబోతే మన కబడ్డీకి దూరపు చుట్టంలా ఉంటుంది.

అక్కడ కాలేజీల్లో ఆడిన కుర్రాళ్ళని పెద్ద జట్లు ఏటా ఓ పద్ధతి ప్రకారం ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. క్రితం ఏడాది అందరికంటే చివర నిలిచిన జట్టుకే ముందు ఎంచుకునే అవకాశం. అంటే ఓడిపోయినవాళ్ళకి రేపటి మీద ఆశ కల్పించే ఏర్పాటన్నమాట. ఆ ఎంపిక చూడ్డానికే జనం విరగబడతారు. 2024లో డెట్రాయిట్ నగరంలో జరిగినప్పుడు మూడు రోజుల్లో 7 లక్షల మందికి పైగా వచ్చారు. ఆట లేదు, పాట లేదు. ఏ కుర్రాడు ఏ జట్టుకు వెళ్తాడో వినడానికి అంతమంది!

ఆ డెట్రాయిట్ జట్టు పేరు లయన్స్. పేరుకే సింహాలు. 2008లో ఆడిన 16 మ్యాచ్‌లూ ఓడిపోయారు. అలాంటి జట్టు 2022లో ఏడన్ హచిన్సన్ అనే డిఫెండర్‌ని ఎంచుకుంది. అతను ఆ రాష్ట్రం వాడే. మిచిగన్ విశ్వవిద్యాలయంలో చదివి, ఆ క్యాంపస్ జట్టుకే ఆడాడు. 'మన ఊరి పిల్లాడు మన జట్టులోకి వచ్చాడు' అని అక్కడివాళ్ళు పొంగిపోయారు. మొదటి ఏడాదే ప్రత్యర్థుల్ని గట్టిగా పడగొట్టాడు. మరుసటి సీజన్లో ఆ జట్టు ఫైనల్‌కి ఒక్క అడుగు దూరం దాకా వెళ్ళింది. 2024 అక్టోబర్లో ఆడుతూండగా అతని కాలి ఎముకలు విరిగాయి. ఆపరేషన్ అయింది. నెలల తరబడి డాక్టర్లు, వ్యాయామం చేయించేవాళ్ళు వెంట ఉన్నారు. 2025లో మళ్ళీ మైదానంలోకి దిగాడు. అతని కోసం జనం ఎదురుచూశారు.

ఈ కథంతా ఎందుకంటే, అభిమానులు ఆటగాడికి ఇచ్చేది చప్పట్లు మాత్రమే కాదు. వాళ్ళు చూస్తారు కాబట్టి టీవీ వస్తుంది. టీవీ వస్తుంది కాబట్టి డబ్బు వస్తుంది. డబ్బుంది కాబట్టి కాలు విరిగితే కట్టు కట్టేవాళ్ళుంటారు. అతను తిరిగొచ్చే దాకా అతని చోటు అతని కోసం ఉంటుంది. పైకి వెర్రిలా కనిపించే అభిమానం వెనక ఇంత గొలుసుంది.

మన టైటాన్స్ కథ

మన దగ్గరా ఈ గొలుసు అల్లుకోవడం 2014 జులైలో మొదలైంది. ప్రొ కబడ్డీ లీగ్ ఎనిమిది జట్లతో వచ్చింది. అందులో తెలుగు టైటాన్స్ ఒకటి. పల్లెటూరి మట్టిలో ఆడే చెడుగుడుని రంగు దీపాల కిందికి, మెత్తటి మ్యాట్ మీదికి తెచ్చారు. ఎవరు చూస్తారులే అనుకున్నవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. మొదటి సీజన్‌నే దేశంలో 43 కోట్ల మందికి పైగా చూశారని లెక్కలు చెప్పారు.

టైటాన్స్‌ని నమ్ముకున్న అభిమానులకి ఓపిక చాలా కావాలి. 2025 సీజన్ దాకా పన్నెండు సీజన్లు ఆడినా కప్పు చేతికి రాలేదు. మధ్యలో వరసగా మూడు సీజన్లు పట్టికలో అట్టడుగున ఉన్నారు. 2025లో మాత్రం బాగా ఆడి, ఫైనల్‌కి ఒక్క మెట్టు కింద ఆగారు. ఇన్నేళ్ళు ఓడినా జనం వదిలెయ్యలేదంటే కారణం ఒకటే. ప్రతి ఏడూ ఓ కొత్త కుర్రాడు వస్తాడు, వాడి మీద ఆశ పెట్టుకోవచ్చు.

డిఫెండర్‌కి దక్కిన గౌరవం చూడండి. ఈ లీగ్ వేలంలో కోటి రూపాయలు పలికిన మొట్టమొదటి ఆటగాడు కూతకెళ్ళేవాడు కాదు, పట్టు పట్టేవాడే. ఇరాన్ నుంచి వచ్చిన ఫజల్ అత్రాచలీ, 2018లో. అదే ఏడాది మొదలైన సీజన్లో నితేష్ కుమార్ అనే కుర్రాడు వంద ట్యాకిల్ పాయింట్లు సంపాదించాడు. అంతకుముందు ఏ డిఫెండరూ ఒక సీజన్లో వంద చేరలేదు. అప్పటికి అతను లీగ్‌లోకి వచ్చి రెండో సీజనే! 2023లో మరో ఇరాన్ కుర్రాడు మహమ్మద్ రెజా షాద్లూ 2 కోట్ల 35 లక్షలు పలికాడు.

ఇదివరకు మన ఊళ్ళలో బాగా పట్టు పట్టేవాడికి ఏం దక్కేది? సంక్రాంతి పోటీల్లో ఓ స్టీలు బిందె, నాలుగు ఈలలు. ఇప్పుడు కోట్లు. ఈ తేడా తెచ్చింది ఆట కాదు, ఆట అప్పుడూ ఇప్పుడూ అదే. తేడా తెచ్చింది చూసే కళ్ళు.

గచ్చిబౌలిలో ఆ ఒక్క సాయంత్రం

ఇక అసలు విషయానికొద్దాం. ఆడపిల్లలకి ఇలాంటి అవకాశం ఎప్పుడూ రాలేదా అంటే, వచ్చింది. అదీ మన హైదరాబాద్‌లోనే కొస మెరుపు మెరిసింది.

2016లో ప్రొ కబడ్డీ నాలుగో సీజన్‌తో పాటు మహిళల కబడ్డీ ఛాలెంజ్ అని పెట్టారు. మూడే జట్లు. ఫైర్ బర్డ్స్‌కి మమతా పూజారి, స్టార్మ్ క్వీన్స్‌కి తేజస్విని బాయి, ఐస్ దివాస్‌కి అభిలాషా మాత్రే నాయకత్వం వహించారు. జులై 31న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో మగవాళ్ళ ఫైనల్ రోజునే వీళ్ళ ఫైనల్ కూడా జరిగింది. చివరి క్షణం దాకా ఊపిరి బిగబట్టి చూడాల్సిన ఆట. స్టార్మ్ క్వీన్స్ 24-23తో గెలిచింది. ఒకే ఒక్క పాయింటు తేడా! ఆడవాళ్ళ ఆటలో పస ఉండదనేవాళ్ళకి అంతకంటే గట్టి జవాబేముంటుంది?

సరే, మరుసటి ఏడాది ఏమైంది? 2017లో ప్రొ కబడ్డీ ఎనిమిది జట్ల నుంచి పన్నెండు జట్లకి పెరిగింది. మహిళల ఛాలెంజ్ మాత్రం మళ్ళీ రాలేదు. మగవాళ్ళ ఇంటికి కొత్త గదులు కట్టారు, ఆడవాళ్ళ గుడిసె పీకేశారు. 2023లో దుబాయ్‌లో ఒక మహిళా లీగ్, 2025 ఏప్రిల్‌లో గురుగ్రామ్‌లో మరో లీగ్ జరిగాయి. గురుగ్రామ్ లీగ్‌లో తెలుగు చీతాస్ అనే అమ్మాయిల జట్టు కూడా ఉంది. మీలో ఎంతమంది విన్నారు ఆ పేరు? మీ తప్పేం లేదు. వినపడేలా చెప్పినవాళ్ళు లేరు.

ఆ గచ్చిబౌలి ఫైనల్ జరిగిన పంతొమ్మిది రోజులకే, 2016 ఆగస్టు 19న రియో ఒలింపిక్స్‌లో మన సింధు రజతం గెలిచింది. ఊరు ఊరంతా టీవీల ముందు కూర్చుంది. అమ్మమ్మలు కూడా బ్యాడ్మింటన్ లెక్కలు నేర్చుకున్నారు. ఆడపిల్ల ఆడితే హైదరాబాద్ చూడదనడానికి వీల్లేదు. చూపిస్తే కళ్ళార్పకుండా చూస్తుంది.

తార్నాక చుట్టూ రైలు పట్టాలు

సింధు మాట వచ్చింది కాబట్టి తార్నాక గొప్ప ఒకటి చెప్పుకోవాలి. ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆటగాళ్ళు. తండ్రి రమణ రైల్వే ఉద్యోగి, అర్జున అవార్డు గ్రహీత. సింధు బ్యాడ్మింటన్‌లో ఓనమాలు దిద్దింది తార్నాక పక్కనే లాలాగూడలోని రైల్వే సిగ్నల్ ఇంజనీరింగ్ శిక్షణ సంస్థ కోర్టుల్లో. సికింద్రాబాద్‌లో పెరిగిన క్రికెటర్ మిథాలీ రాజ్‌కీ జీతమిచ్చింది రైల్వేనే. కబడ్డీ నాయకురాలు మమతా పూజారిది కర్ణాటకలోని ఉడుపి ప్రాంతం. ఆమెకి కూడా ఉద్యోగమిచ్చి ఆదుకున్నది సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేనే.

గమనించారా? మన దేశంలో ఆడపిల్ల ఆటకి దశాబ్దాలుగా అండగా ఉన్నది అభిమానులు కాదు, వ్యాపార సంస్థలు కాదు. రైల్వే ఉద్యోగం! క్రీడల కోటాలో ఉద్యోగం వస్తే నెల తిరిగేసరికి జీతం, ఉండడానికి క్వార్టరు, జబ్బు చేస్తే లాలాగూడ రైల్వే ఆసుపత్రి. అందుకే కబడ్డీ ఆడే అమ్మాయిల్లో చాలామందికి పతకం కన్నా ఆ ఉద్యోగం కాగితమే పెద్ద కల. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఇంట్లో 'ఆటలాడితే కూడు పెడుతుందా?' అని అడిగినప్పుడు చూపించడానికి అదొక్కటే సమాధానం.

కానీ ఒక్క సమాధానం ఎంతమందికి సరిపోతుంది? ఉన్న ఖాళీలు కొన్నే. యూనివర్సిటీ జట్టుకు ఆడిన అమ్మాయిల్లో ఏ ఒకరిద్దరికో ఆ ఉద్యోగం దక్కుతుంది. మిగిలినవాళ్ళు డిగ్రీ అయిపోగానే బూట్లు అటక మీద పెట్టేస్తారు. ఇరవై రెండేళ్ళకే రిటైర్మెంటు! అదే వయసులో మగపిల్లాడు లీగ్‌లో కొత్త ఆటగాడిగా అడుగుపెడతాడు. అతనికి అది మొదలు. ఆమెకు అది ముగింపు.

ఇంత ఇరుకులోనూ వాళ్ళు దేశానికి తెచ్చిందేమిటో చూడండి. ఆసియా క్రీడల్లో మహిళల కబడ్డీ 2010లో మొదలైంది. అప్పుడూ బంగారమే, 2014లోనూ బంగారమే. 2018లో ఇరాన్ చేతిలో 24-27తో ఓడి రజతంతో సరిపెట్టుకున్నారు. ఆ ఇరాన్ జట్టుకి ఆట నేర్పిన కోచ్ ఎవరనుకున్నారు? నాసిక్‌కి చెందిన శైలజా జైన్! మన ఆడవాళ్ళలో ఎంత విద్య ఉందో పరాయి దేశం కనిపెట్టింది. 2023లో హాంగ్‌ఝౌలో చైనీస్ తైపీని 26-25తో ఓడించి మళ్ళీ బంగారం తెచ్చారు. ఆ క్రీడల్లో భారత్‌కి అది నూరో పతకం. ఆ జట్టుకి నాయకురాలు రీతూ నేగి. ఆమె డిఫెండర్! పట్టు పట్టే పిల్ల.

మహిళల కబడ్డీ ప్రపంచ కప్ మొదట 2012లో పాట్నాలో జరిగింది. రెండోది 2025 నవంబర్లో ఢాకాలో. మధ్యలో పదమూడేళ్ళు! రెండుసార్లూ మనవాళ్ళే గెలిచారు. పదమూడేళ్ళంటే ఒక ఆటగత్తె జీవితమంతా. 2012 తర్వాత ఆట మొదలుపెట్టి, 2025కి ముందే మానేసిన అమ్మాయిలకి ప్రపంచ కప్ అనే మాటే లేకుండా పోయింది.

'చూసేవాళ్ళే లేరమ్మా' అంటారు

లీగ్ ఎందుకు పెట్టరంటే వచ్చే జవాబు ఒకటే. చూసేవాళ్ళు లేరు, ఎవరు డబ్బు పెడతారు అని. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఈ మాట ముందూ వెనకా తిరగేసి చూడాలి.

డబ్బు, పేర్లు ఉంటే అభిమానులు వచ్చేస్తారనుకోవడమూ పొరపాటే. అందుకు సాక్ష్యం మన హైదరాబాద్ పేరు మీదే ఉంది. 2012లో అమెరికన్ ఫుట్‌బాల్‌ని ఇక్కడికి తేవాలని ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని పెట్టారు. అమెరికాలోని పేరున్న ఆటగాళ్ళు, హాలీవుడ్ నటుడు మార్క్ వాల్‌బర్గ్ లాంటివాళ్ళు డబ్బు పెట్టారు. హైదరాబాద్ స్కైకింగ్స్ అని మన జట్టూ ఒకటుంది. మ్యాచ్‌లు మాత్రం శ్రీలంకలో జరిగాయి. మన వీధుల్లో ఆ బంతి పట్టుకున్న పిల్లాడు లేడు, ఆ ఆట నియమాలు తెలిసిన తాతయ్య లేడు. ఆ లీగ్ నిలబడలేదు.

కబడ్డీ సంగతి అలా కాదు. వేళ్ళున్న చెట్టు అది. జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివిన ఏ ఆడపిల్లకైనా గీతలు గీయడం వచ్చు, కూత పెట్టడం వచ్చు. ఖర్చు లేని ఆట. అమెరికన్ ఫుట్‌బాల్‌కి డబ్బుంది, వేళ్ళు లేవు. మన ఆడపిల్లల కబడ్డీకి వేళ్ళున్నాయి, నీళ్ళు పోసేవాళ్ళు లేరు. రెంటికీ ఎంత తేడా!

క్రికెట్‌ని చూడండి. మిథాలీ రాజ్ 1999లో తన మొదటి వన్డేలోనే 114 పరుగులు చేసి అజేయంగా నిలిచింది. అప్పటికి ఆమెకి పదహారేళ్ళు. ఎంతమంది చూశారు? 2005లో ఆమె నాయకత్వంలో జట్టు ప్రపంచ కప్ ఫైనల్ ఆడితే చూసినవాళ్ళెందరు? 2006లో మహిళల క్రికెట్‌ని బీసీసీఐ తన చేతిలోకి తీసుకుంది. 2017లో లార్డ్స్‌లో ఫైనల్ టీవీలో వచ్చింది. తొమ్మిది పరుగుల తేడాతో ఓడితే దేశమంతా అయ్యో అంది. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలైంది. 2025 నవంబర్ 2న కప్పు ఇంటికొచ్చింది. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీ చరణి ఉంది. ఆ నెలాఖరున జరిగిన లీగ్ వేలంలో ఆమెకి కోటీ ముప్ఫై లక్షలు పలికింది. ఇప్పుడు కడపలో ఆడపిల్ల చేతికి బంతి ఇవ్వడానికి తండ్రులు రెండుసార్లు ఆలోచించరు.

అంటే, చూసేవాళ్ళుంటే చూపిద్దామని కూర్చుంటే ఎప్పటికీ జరగదు. చూపించాకే చూసేవాళ్ళు పుడతారు. మగవాళ్ళ కబడ్డీకి 2014కి ముందు ఎవరున్నారు చెప్పండి?

సినిమావాళ్ళు ఈ సంగతి కాస్త ముందే పసిగట్టారు. 2021లో వచ్చిన 'సీటీమార్' అమ్మాయిల కబడ్డీ జట్ల కథే. తమన్నా తెలంగాణ జట్టు కోచ్‌గా కనిపించింది. కాకపోతే అందులోనూ ఫైట్లన్నీ హీరోవే అనుకోండి, అది వేరే సంగతి!

పళ్ళెంలో ఏముంది?

అభిమానులు లేకపోతే పోయేది పేరొక్కటే కాదని ముందే అనుకున్నాం. అది ఎక్కడెక్కడ తగులుతుందో చూడండి.

మొదటిది తిండి. తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఆ సంస్థ లెక్క ప్రకారం రోజూ మగవాడికి 19 మిల్లీగ్రాముల ఇనుము చాలు, ఆడవాళ్ళకి 29 మిల్లీగ్రాములు కావాలి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మంది రక్తహీనతతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అలాంటి ఒంటితో పొద్దున రెండు గంటలు సాధన, ఆ తర్వాత క్లాసులు, సాయంత్రం మళ్ళీ సాధన. పట్టు పట్టాలంటే తొడల్లో, భుజాల్లో బలం ఉండాలి. లీగ్‌లో ఆడే మగపిల్లాడి పళ్ళెంలో ఏముండాలో చెప్పడానికి ఓ మనిషి ఉంటాడు. ఈ అమ్మాయి పళ్ళెంలో హాస్టల్ పప్పు, పలచటి మజ్జిగ. ఇంటికెళ్తే గుడ్డు ముందు తమ్ముడికే. అవునా, కాదా?

రెండోది మోకాలు. పరిగెత్తుతూ ఒక్కసారిగా ఆగడం, పక్కకి తిరగడం ఉండే ఆటల్లో మోకాలి లోపలి నరం లాంటి లిగమెంట్ తెగే ప్రమాదం మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకి ఎక్కువని డాక్టర్లు చెప్తారు. ముందునుంచీ తగిన వ్యాయామాలు చేయిస్తే ఈ ముప్పు చాలావరకు తగ్గుతుంది. కానీ చేయించేదెవరు? డెట్రాయిట్ కుర్రాడికి కాలు విరిగితే జట్టంతా చుట్టూ నిలబడింది. మన క్యాంపస్ అమ్మాయికి మోకాలు దెబ్బతింటే ముందు ఇంట్లో చెప్పడానికే భయం. 'చెప్తే విన్నావా? రేపు పెళ్ళి చూపుల్లో కుంటుతూ నడుస్తావా?' అన్న మాట వినాలి కదా! అందుకని నొప్పి దాచిపెట్టి, కట్టు కట్టుకుని మళ్ళీ బరిలోకి దిగుతుంది. చిన్న గాయం అలాగే పెద్దదవుతుంది.

మూడోది ఈ ఆటకున్న స్వభావం. పరుగు పందెంలో ఎవరి గీత వాళ్ళది. కబడ్డీలో డిఫెండర్ అంటే ఎదుటి మనిషిని ఒడిసి పట్టుకోవాలి, మీద పడాలి, దెబ్బలు తినాలి, కొట్టుకుపోయిన మోచేతులతో ఇంటికి రావాలి. అణకువగా ఉండమని పుట్టినప్పటినుంచీ నూరిపోసిన పిల్లకి ఇది ఎదురీత. కూతకెళ్ళే పిల్లని కాస్తయినా మెచ్చుకుంటారు, చలాకీదని. పట్టు పట్టే పిల్లని 'మగరాయుడు' అనేస్తారు. బలం ఉన్న ఆడపిల్లని చూసి ముచ్చటపడడం మనకింకా అలవాటు కాలేదు. అభిమానుల్లేకపోవడానికి డబ్బు ఎంత కారణమో, ఇదీ అంతే కారణం.

అమ్మలకో మాట, అభిమానులకో మాట

మీ అమ్మాయి కబడ్డీ ఆడతానంటే 'ఆ ఆటలేంటి' అనకండి. అలాగని కళ్ళు మూసుకుని పంపకండి కూడా. వెళ్ళి చూడండి. మైదానంలో మ్యాట్ ఉందా, గట్టి నేల మీదే పడేస్తున్నారా? బట్టలు మార్చుకోవడానికి గది, మరుగుదొడ్డి ఉన్నాయా? దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు? టోర్నమెంటుకి వేరే ఊరు తీసుకెళ్తే వెంట మహిళా కోచో, మేనేజరో ఉంటున్నారా? పనిచేసే చోట్ల వేధింపులకి వ్యతిరేకంగా 2013లో వచ్చిన చట్టం స్టేడియాలకి, క్రీడా సంస్థలకి కూడా వర్తిస్తుంది. ఫిర్యాదు చేయడానికి కమిటీ ఉండి తీరాలి. ఉందా అని అడిగే హక్కు మీకుంది. 2023లో పేరు మోసిన మహిళా రెజ్లర్లే ఢిల్లీ వీధుల్లో కూర్చోవాల్సొచ్చిందంటే, పేరు లేని పిల్లల కోసం మనమే అడగాలి మరి.

పళ్ళెంలో గుడ్డు, పల్లీలు, ఆకుకూర ఉండేలా చూడండి. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించండి. నొప్పి అంటే తిట్టకండి. నొప్పి చెప్పుకోగలిగిన పిల్లే ఎక్కువ కాలం ఆడగలుగుతుంది.

ఇక అభిమానులకి. ముఖ్యంగా టైటాన్స్ కోసం గొంతు చించుకునే అమ్మాయిలకి. మీ మోజుని తప్పు పట్టడం లేదు. కొత్త డిఫెండర్‌ని చూసి మురిసిపోవడానికి ఆట తెలిసుండాలి, మీకు తెలుసు. ముగ్గురే మిగిలినప్పుడు పట్టేస్తే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తెలిసిన కళ్ళతోనే మీ కాలేజీ అమ్మాయిల మ్యాచ్ ఒకటి చూడండి. యూనివర్సిటీ పరిధిలో కాలేజీల మధ్య పోటీలు ఏటా జరుగుతాయి. టికెట్ లేదు, తోపులాట లేదు. ఖాళీ గట్లే మీకోసం ఎదురుచూస్తుంటాయి. మీ క్లాసులో రెండో బెంచీ అమ్మాయి లెఫ్ట్ కార్నర్ అని మీకు ఆ రోజే తెలియొచ్చు.

యూనివర్సిటీ పెద్దలు చేయగలిగిందీ ఉంది. 2002 జాతీయ క్రీడల కోసం క్యాంపస్‌లో సైక్లింగ్‌కి వెలోడ్రోమ్ కట్టగలిగినవాళ్ళం. అమ్మాయిల కబడ్డీ ఫైనల్‌ని పని వేళల్లో ఏ మూలో కాకుండా సాయంత్రం దీపాల వెలుగులో పెట్టడం, ఫోన్లలో చూసేలా ప్రసారం చెయ్యడం దానితో పోలిస్తే ఎంత పని? మగవాళ్ళ లీగ్‌లో జట్లున్న యజమానులు కూడా మహిళల జట్టు ఒక్కటి పెట్టాలన్న నియమం ఎందుకుండకూడదు? క్రికెట్‌లో ముంబయి, ఢిల్లీ, బెంగళూరు జట్ల యజమానులు అమ్మాయిల జట్లనీ నడుపుతున్నారుగా!

కబడ్డీలో ఒంటరిగా వెళ్ళి పట్టు పడితే విదిలించుకుని పోయే ప్రమాదమెక్కువ. పక్కనున్నవాళ్ళు చేయి కలిపి గొలుసు కడితే ఎంతటి ఆటగాడైనా గీత దాటలేడు. మన అమ్మాయిలు ఇన్నేళ్ళూ ఒంటరిగానే పట్టు పట్టి బంగారాలు తెచ్చారు. గొలుసులో రెండో చెయ్యి చూసేవాళ్ళది. అది ఇంకా కలవాల్సి ఉంది.